ఒక మూల తక్కువైన పటం

పోయిన శనివారం సాయంత్రం నేను దేవుడి గూటి ముందు కూర్చుని ఒత్తులు చేసుకుంటూ ఉండగా, మా తమ్ముడి మనవరాలు తన ల్యాప్‌టాప్ తెచ్చి దాదాపు నా ఒళ్ళోనే పెట్టేసింది. ఆ పిల్ల పశువైద్యం చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడల్లా తన చదువులోని వింతలు నాకు చూపించకపోతే దానికి తోచదు. నేనూ ఒకప్పుడు తిరుపతిలో ఒక పెద్దాసుపత్రి ల్యాబులో ఏళ్ళ తరబడి పనిచేసినదాన్ని కాబట్టి, ఇంట్లో మిగతా వాళ్ళకంటే నాకే అవి అర్థమవుతాయని దాని నమ్మకం. గాజుపలకను మైక్రోస్కోపు కింద కొద్దికొద్దిగా జరుపుతూ వందల ఫోటోలు తీస్తే చాలు, వాటన్నిటినీ యంత్రమే పక్కపక్కన పేర్చి, అతికి, ఒక్క పెద్ద బొమ్మగా చేసి ఇస్తుందట. తెర మీద చూస్తే అది గోరంత మరక, జబ్బు చేసిన ఒక ఆవు కండ ముక్కట. ఆ పిల్ల రెండు వేళ్ళతో లాగేకొద్దీ పెరిగి పెరిగి, ఊరి పటం లాగా, ఆ తర్వాత వీధి లాగా, చివరికి ఒక్కొక్క కణమూ ఒక్కొక్క ఇల్లన్నట్లు విడివిడిగా కనిపించింది. అణువులోనూ ఆయనే, బ్రహ్మాండంలోనూ ఆయనే అని చిన్నప్పటి నుంచి పురాణ కాలక్షేపాల్లో విన్న మాట, వేళ్ళ మధ్య ఇంత తేలికగా సాగి ముడుచుకోవడం చూసి, చేతిలో ఒత్తి అలాగే పట్టుకుని ఉండిపోయాను.

కళ్ళజోడు సర్దుకుని అతుకు కోసం వెదికాను. ఎక్కడా లేదు. కింద కుడి మూలలో మాత్రం ఒక గడి నల్లగా, ఖాళీగా ఉంది. అదేమిటని అడిగాను.

"ఆడ ఫోటో కదిలిపోయినాదవ్వా. సరిగా పడకపోతే మిషను దాన్ని కలుపుకోదు, అట్లనే ఖాళీగా ఇడిసిపెట్టేస్తాది," అంది ఆ పిల్ల మామూలుగా.

మామూలు మాటే. కానీ ఆ నల్లటి గడి నన్ను మద్రాసును ఇంకా మద్రాసు అనే రోజుల్లోకి, ఒక మనిషి కాలు నా చేతిలోని బ్లేడు మీద ఆధారపడిన ఒక వారంలోకి తీసుకుపోయింది. ఫిల్ము రీళ్ళూ, చీకటిగదిలో ఎర్ర బల్బూ ఎరిగిన మన తరం వాళ్ళకు చెప్పుకుంటే తప్ప ఆ వారం బరువు ఇంకెవరికీ తెలియదు.

మాది చిత్తూరు. నాయనకు బెల్లం మండీ ఉండేది. పగలంతా అచ్చుల మధ్య, ఈగల మధ్య గడిపి, శనివారం సాయంత్రం అయ్యేసరికి తలస్నానం చేసి, నామం పెట్టుకుని మా ముందరి గదిలో భజన గోష్ఠికి కూర్చునేవాడు. మగవాళ్ళూ ఆడవాళ్ళూ, మండీలో మూటలు మోసేవాళ్ళూ, పక్క వీధి టైలరూ, అందరూ రెండు వరుసలుగా ఎదురెదురుగా కూర్చునేవారు. ఒక వరుస ఒక చరణం అంటే, రెండో వరుస తర్వాతి చరణం అందుకునేది. అందుకోవడంలో మా నాయన పద్ధతి ఒకటి ఉండేది. మొదటి వరుస తమ చరణంలోని చివరి మాట అంటూ ఉండగానే, రెండో వరుస కూడా అదే మాటను పట్టుకుని, దాని మీదుగా తమ చరణంలోకి అడుగుపెట్టాలి. ఆ ఒక్క మాట దగ్గర రెండు వరుసల గొంతులూ కలిసి నడిచేవి. అలా కలవకపోతే నామానికి మధ్యలో గుంట పడుతుందని నాయన అనేవాడు. బయట వీధిలో నడిచిపోయేవాళ్ళకు అది రెండు గుంపుల పాటలాగా వినిపించేది కాదు, ఒక్క మనిషి ఊపిరి తీసుకోకుండా పాడుతున్నట్లు ఉండేది.

ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది. చరణం మరిచిపోతే ఆ వరుస వాళ్ళు తోచిన మాటతో నింపకూడదు. నోరు మూసుకుని తాళం మాత్రం వేస్తూ ఉండాలి. ఎదుటి వరుసలో ఎవరికైనా గుర్తొచ్చి అందించేదాకా, లేదా ఆ చరణం కొలత గడిచేదాకా, ఉత్త తాళమే. ఒకసారి మా చిన్నాయన గుర్తురాక, తాళానికి సరిపోయేటట్టు ఏదో సొంతంగా కట్టి పాడేశాడు. నాయన తాళాలు ఆపేశాడు.

"ఏరా, సామి పాట పాడమంటే నీ కవిత్వం సదువుతాండావు?"

"ఏదో ఒకటి అంటే సరిపాయె గదన్నా. అసలు పాట సామికి తెలీదా ఏంది?" అన్నాడు చిన్నాయన నవ్వుతూ.

"సామికి తెలుసురా. నీ పక్కన కూర్చోని నేర్చుకునే బిడ్డకు తెలీదు."

చిన్నాయన పక్కన కూర్చున్న ఆ బిడ్డను నేనే.

చదువయ్యాక నాకు తిరుపతిలో ఉద్యోగం వచ్చింది. అలిపిరికి పోయే దారిలో మా పెదనాయన ఇల్లు ఉండేది, అక్కడే ఉండేదాన్ని. ఆసుపత్రిలో నా పని శరీరంలో నుంచి కోసి తీసిన ముక్కలను మైనంలో ఉంచి గట్టిపరచడం, పొరలు పొరలుగా కోయడం, గాజుపలకల మీద పరిచి రంగు వేయడం. కొన్నాళ్ళకు మైక్రోస్కోపుకు కెమెరా తగిలించి ఫోటోలు తీయడమూ, చీకటిగదిలో వాటిని కడగడమూ నేర్చుకున్నాను. మా విభాగానికి పెద్ద ఒక డాక్టరమ్మ. నగరి వైపు మనిషి, మాట కరుకు. ఆమె ముందు నిలబడటానికి డాక్టర్లే గొంతు సవరించుకునేవాళ్ళు. నన్ను మాత్రం "ఏమ్మే" అని పిలిచేది. మా వైపు ఆ పిలుపులో ఉండే చనువు తెలిసినదాన్ని కాబట్టి నాకు ఆమె అంటే భయమూ ఇష్టమూ రెండూ సమానంగా ఉండేవి.

ఆ ఏడాది వేసవిలో మా ఆసుపత్రికి ఒక మనిషి వచ్చాడు. అలిపిరి మెట్ల దారిలో ఉండే అంగళ్ళకు సోడా పెట్టెలూ అరటి గెలలూ నెత్తిన మోసుకుపోయి ఇచ్చేవాడు. చెప్పుల్లేకుండా, మెట్టుకొక గోవింద నామం అనుకుంటూ ఎక్కేవాడట. ఒకరోజు వానకు తడిసిన మెట్టు మీద జారి, సోడా పెట్టె మూల వచ్చి తొడలో గుచ్చుకుంది. దెబ్బ మానింది గానీ, కొన్ని వారాలకు ఆ చోట రాయి లాంటి గడ్డ కట్టింది. గడ్డను కోసి తీశారు. చిన్న ఉసిరికాయంత ఉంది. దాన్ని ఆమ్లంలో నానబెట్టి మెత్తబరచి, నడిమికి కోసి పొరలు తీస్తే, చాలా పొరలు చినిగిపోయాయి. ఒక్కటి మాత్రం, చింతగింజకంటే కాస్త పెద్దది, నడిమి నుంచి నాలుగు వైపులా అంచుల దాకా చక్కగా వచ్చింది. మా చేతిలో ఉన్న సాక్ష్యం అంతా ఆ ఒక్క గాజుపలకే.

డాక్టరమ్మ దాన్ని మూడు రోజులు చూసింది. మధ్యలో కణాలు కిక్కిరిసి, ముదురుగా, పద్ధతి లేకుండా ఉన్నాయి. అది ఎముక క్యాన్సరే అయితే కాలు తొడ మొదలు దాకా తీసేయాలి. శస్త్రచికిత్స చేసే డాక్టరు వచ్చే మంగళవారానికి రోజు కూడా పెట్టుకున్నాడు. ఆమెకు మాత్రం ఏదో శంక. మొత్తం ముక్కను ఒకేసారి చూపించే లెన్సుకు బూజు పట్టి, కొత్తదాని కోసం కాగితాలు పోయి ఉన్నాయి. ఉన్న లెన్సులో ఒకసారికి మెంతిగింజంత మేరే కనిపించేది. మద్రాసులో ఆమెకు చదువు చెప్పిన వృద్ధ గురువు ఉండేవాడు. వెన్ను వంగిపోయి మైక్రోస్కోపు మీదికి వంగలేకపోతున్నాడు గానీ, ఫోటోలు చేతిలో పట్టుకుని చూడగలడు. అంతకుముందు ఒకసారి పోస్టులో పంపిన గాజుపలక పొడి పొడి అయి వచ్చినప్పటి నుంచి ఆమె గాజును పంపేది కాదు. నా చేత ఆరు ఫోటోలు తీయించి పంపింది. గడ్డ నడిమిలో అన్నిటికంటే భయంకరంగా ఉన్న ఆరు చోట్లు అవి. ఆయన నుంచి కార్డు వచ్చింది. ఆరు గదులు చూపించావు, ఇల్లు చూపించు అని, అంతే రాశాడు.

ఆమె ఆ కార్డు నా ముందు పెట్టి, "ఏమ్మే, ఇల్లు చూపించగలవా?" అంది.

ఆ రోజు నేను వార్డు మీదుగా పోతూ ఉంటే ఆ మెట్ల మనిషి భార్య నన్ను ఆపింది. ల్యాబు కోటు వేసుకున్న వాళ్ళందరూ ఆమెకు డాక్టర్లే. ఏమైనా తెలిసిందా అక్కా అని అడిగింది. నేను తడబడుతూ ఉంటే మంచం మీద నుంచి ఆయనే అందుకున్నాడు.

"ఒక కాలు పోతే చెప్పుల కర్సు సగం తగ్గుతాదంటాండారు పక్క మంచం వాళ్ళు. నా కర్మ సూడక్కా, నాకు చెప్పులే లేవు. ఆ లాభం గూడా లేకపాయె."

"నువ్వు గమ్మునుండు సామీ," అని ఆమె కసిరింది. కసురుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో ఏడుపుకో నాకు తెలియలేదు.

నా దగ్గర సగం మిగిలిన రీలు ఒకటి, కొత్త రీలు ఒకటి ఉన్నాయి. ఫిల్ము వృథా చేయకూడదు కదా అని, సగం రీలుతో ముక్క పైభాగాన్ని అంచుకు అంచు ఆనించి, ఎక్కడా ఒకదాని మీదికి ఒకటి రాకుండా తీశాను. కడిగి, పెద్దవి చేసి, బల్ల మీద పేర్చి చూస్తే ఒక్కటీ ఒక్కదానితో కలవలేదు. ప్రతి ఫోటో అంచులూ లెన్సు వల్ల నల్లబడి, మసకబడి ఉన్నాయి. సరిగ్గా కలవాల్సిన చోటే చూపు చాలడం లేదు. ఆ చీకటిగది ఎర్ర వెలుతురులో నాకు నాయన గోష్ఠి గుర్తొచ్చింది. పక్క చరణం చివరి మాటను ఈ చరణమూ అనాలి. అంటే ప్రతి ఫోటోలోనూ పక్క ఫోటోలోని కొంత భాగం ఉండాలి. అది వృథా కాదు, అదే అతుకు. ప్రింట్లు తీసే చిమ్టాతో మందునీళ్ళ తొట్టి అంచు మీద తాళం వేశానంటే నమ్మండి.

కొత్త రీలులో ముప్పై ఆరు ఫోటోలు. మగ్గంలో నాడె పోయి వచ్చినట్లు ఎడమ నుంచి కుడికి, మళ్ళీ కుడి నుంచి ఎడమకు పలకను జరుపుతూ, ప్రతి ఫోటోలోనూ ముందుదాని అంచు కొంచెం మిగిల్చుకుంటూ తీశాను. నెగటివులు కడగడానికీ, ప్రింట్లు వేయడానికీ శుక్రవారమంతా పట్టింది. శనివారం పొద్దున దళసరి అట్ట మీద, మైలుతుత్తం కలిపిన మైదా బంకతో అతకడం మొదలుపెట్టాను. మసక అంచులను బ్లేడుతో కోసి, ఒక రక్తనాళం ఈ ఫోటోలో ఎక్కడ తెగిందో పక్క ఫోటోలో అక్కడే అందుకునేటట్లు జరిపి జరిపి పెట్టేదాన్ని. ఒక్కొక్కటి కలిసినప్పుడల్లా నోట్లో నామం అదంతట అదే వచ్చేది. మధ్యాహ్నానికి మంచం మీద దుప్పటంత పటం తయారైంది. కింద కుడి మూల ఒక్కటి తక్కువ.

ఎక్కడో ఒకటి రెండు చోట్ల పక్క ఫోటో భాగాన్ని ఎక్కువగా మిగిల్చుకున్నాను. రీలు ఆ మూలకు రాకముందే అయిపోయింది. ఒక ఫోటో పట్టేంత ఖాళీ.

ఇక్కడ నేను చేసిన పనిని మా ఇళ్ళలో పెరిగినవాళ్ళు తప్ప ఇంకొకరు చేసి ఉండరనుకుంటాను. మా ఇంట్లో దేవుడి పటానికి అద్దం పగిలినా, ఒక మూల పురుగు తిన్నా, ఆ పటాన్ని గోడ మీద ఉంచేవాళ్ళు కాదు. భిన్నమైన పటాన్ని ఎదుట పెట్టరాదని నాయన దాన్ని పారే నీళ్ళలో వదిలి వచ్చేవాడు. ఒక మనిషి ప్రాణానికి సంబంధించిన పటం, గురువు గారి ముందుకు పోయే పటం, మూల లేకుండా పోతే అశుభమని నా మనసులో పడింది. బజారులో స్టూడియో ఉంది, ఫిల్ము దొరుకుతుంది. ఇక సమయం లేదని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మాట అబద్ధం. సమయం ఉంది. పూర్తయిన పటాన్ని ఆ సాయంత్రమే ఆమెకు చూపించాలనే ఆత్రం అంతకంటే ఎక్కువగా ఉంది. బల్ల మీద మిగిలిపోయిన ప్రింట్లు ఉన్నాయి. మద్రాసుకు పంపిన ఆరింటికి వేసినప్పుడు వెలుతురు తక్కువ పడి పాలిపోయిన ప్రింటు ఒకటి కనిపించింది. పక్కనున్న ఫోటోల రంగుతో చక్కగా కలిసింది. రంగు కలిసిందా అని చూశాను గానీ, లోపల ఏముందో చూడలేదు. కోసి, అతికి, అతుకు మీద పెన్సిలుతో కొంచెం నలుపు కూడా తిప్పాను. పటం పూర్తయింది. నాకెంత తృప్తిగా అనిపించిందో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. పటాన్ని గోడకు ఆనించి, తలుపు దాకా వెనక్కి నడిచి చూసింది. ఆమె ముఖం విప్పారడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. నన్ను పక్కకు పిలిచి చూపించింది. మధ్యలో గందరగోళం, దాని చుట్టూ కొంచెం నెమ్మది, ఇంకా చుట్టూ లేత ఎముక, అన్నిటికంటే బయట ముదిరిన ఎముక, కోటకు ప్రాకారాల లాగా. క్యాన్సరైతే గందరగోళం బయటికి దూకుతుంది, ఇది లోపలే ఉంది. దెబ్బ తిన్న కండ తన్ను తాను మాన్పుకునే తొందరలో ఎముకను కట్టుకుంటే ఇలా ఉంటుందట. నడిమి భాగం ఒక్కటే చూస్తే ఎంతటివాళ్ళైనా మోసపోతారట. తర్వాత భూతద్దం తీసుకుని, ఎడమ నుంచి మొదలుపెట్టి, ప్రదక్షిణం చేసినట్లు పటం అంచు చుట్టూ చూసుకుంటూ వచ్చింది. కింద కుడి మూలకు వచ్చి ఆగింది.

"ఈడ దూకేసినాదే," అంది. గొంతులో కరుకు కూడా లేదు. "అన్ని దిక్కులా గోడ ఉండాది, ఈ మూల లేదు. నడుమ కణాలే ఈడికి వచ్చేసినాయి. ఇంక మద్రాసు ఎందుకులేమ్మే. ఇల్లు సూసేసినాం గదా." బల్ల మీది భూతద్దాన్ని గుడ్డలో చుట్టి, చేతిసంచి తీసుకుని వెళ్ళిపోయింది.

నేను నోరు తెరవలేదు. ఆమె మెట్లు దిగే చప్పుడు ఆగిపోయేదాకా అక్కడే నిలబడి, తర్వాత ఇంటికి నడిచాను. తప్పు తెలియక కాదు, ఆ క్షణానికే తెలిసింది. ఉద్యోగం పోతుందనే భయం, ఆమె ముందు అబద్ధాలకోరుగా నిలబడాలనే భయం, ఇవి నా నోటిని కుట్టేశాయి. ఆ మూల నిజంగా కూడా అలాగే ఉందేమో, నేను చెప్పినా చెప్పకపోయినా కాలు పోయేదేనేమో అని కూడా అనుకున్నాను. దొంగ మనసుకు ఎన్ని దారులో.

శనివారం కదా, పెదనాయన ఇంట్లో గోష్ఠి జరుగుతోంది. కాళ్ళు కడుక్కుని ఆడవాళ్ళ వరుసలో కూర్చున్నాను. నాలుగైదు చరణాలు నడిచాక, మా వరుస అందుకోవాల్సిన చరణం ఎవరికీ గుర్తు రాలేదు. పెద్దమ్మ నోరు మూసుకుని తాళం వేసింది. పక్కనున్న వాళ్ళూ వేశారు. ఎదుటి వరుస వాళ్ళూ వేశారు. ఎవరూ తొందరపడలేదు, ఎవరూ సిగ్గుపడలేదు. మాట లేని ఆ చోట గుడి గంట మోగినంత నిండుగా ఉత్త తాళం మోగుతూనే ఉంది. ఆ ఖాళీ భిన్నం కాదు. చిన్నాయన కట్టిన చరణమే భిన్నం. పక్కన కూర్చుని నేర్చుకునే బిడ్డకు తెలీదని నాయన అన్న మాట నాకు ఆ తాళంలో మళ్ళీ వినిపించింది. హారతి దాకా ఆగలేదు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి వీధిలోకి వచ్చేశాను.

డాక్టరమ్మ ఇల్లు రెండు వీధుల అవతల. ఆమె వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుకుంటోంది. నిలబడే చెప్పాను. మూల లేదని, నడిమి ప్రింటు ఒకటి కోసి అతికానని, పటం భిన్నంగా ఉండకూడదని అనుకున్నానని, పెన్సిలు తిప్పానని కూడా చెప్పాను. ఆమె చిక్కుడుకాయలు తుంచడం ఆపలేదు. బుట్టలోవి అయిపోయాక తలెత్తింది.

"నువ్వు కోసి అతికించింది కాగితం కాదమ్మే. వాని కాలు."

ఖాళీ బుట్టను పక్కకు జరిపి నా వైపు తిరిగింది.

"మడుసులకు తెలీనిది తెలీదని సెప్పేదానికి అంత నామోషీ ఎందుకమ్మే? ఆ మూల సూడలేదని నువ్వు సెప్పింటే నేనే పలక తీసి సూసిందును గదా." కింద పడ్డ పీచును చేత్తో పోగు చేసింది. "నేనైనా సూడకనే నీ పటాన్ని నమ్మినాను. నాకూ బుద్ధి లేదు. పో, పొద్దున్నే ఏడుగంటలకంతా రా. ఫిల్ము తెచ్చుకో. ముందు ఇంటికి పొయ్యి అన్నం తిను, ముఖం సూడు ఎట్లుండాదో."

ఆ ఆదివారం పొద్దున గాంధీ రోడ్డులో స్టూడియో వాడిని ఇంటికి పోయి బతిమాలి తెరిపించుకున్నాను. డాక్టరమ్మ నా కంటే ముందే వచ్చి గాజుపలకను సిద్ధంగా పెట్టుకుని కూర్చుంది. ఆ మూలను ముందు ఆమె చూసింది. లేచి నన్ను కూర్చోమంది. కంటికి ఆనించుకుని చూశాను. లేత గులాబీ రంగులో, పొర మీద పొరగా, నెమ్మదిగా ముదిరిన ఎముక. గోడ చెక్కుచెదరకుండా ఉంది. ఈసారి ఫోటో కదలకుండా ఆమె నా భుజం మీద చెయ్యి వేసి పట్టుకుంది.

అబద్ధపు ముక్కను తడిపి ఊడదీసి, దాని చోట నిజమైనది పెట్టాము. అట్ట అప్పటికే బంకకు ముడుచుకుపోయి ఉండటంతో అది పక్కవాటితో సరిగ్గా కలవలేదు, గోటి మందం సందు మిగిలింది. దాన్ని నలుపు చేయనా అని అలవాటు కొద్దీ పెన్సిలు తీశాను. ఆమె చూసిన చూపుకు పెన్సిలు డ్రాయరులోకి తనంతట తానే పోయింది. ఆ సందు పక్కనే ఆమె తన చేతి రాతతో, ఇది తర్వాత తీసిన ఫోటో అని రాసింది. పటాన్ని పాత చీరలో చుట్టుకుని సత్యవేడు మీదుగా మద్రాసు పోయే బస్సెక్కింది. టికెట్టు పటానికి కూడా కొట్టాలని కండక్టరు గొడవ పెట్టుకున్నాడని, ఇది పటం కాదయ్యా కాలు, కాలుకు టికెట్టు కొడతావా అని అడిగానని తిరిగొచ్చాక చెప్పింది. ఆమె హాస్యమాడగా వినడం నాకు అదే మొదటిసారి.

సోమవారం మధ్యాహ్నానికి వచ్చింది. గురువు గారు పటాన్ని మంచం మీద పెట్టించుకుని, చుట్టూ ఒకసారి వేలు తిప్పి, ఇంట్లో దొంగ లేడు, వానికి కాలు ఉంచండి అన్నాడట. ఆ సందు చూసి, ఇది అతికిన అమ్మాయి నిజాయితీపరురాలు అని కూడా అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు డాక్టరమ్మ నా వైపు చూడలేదు, కిటికీలో నుంచి కొండ వైపు చూసింది. నిజం ఆయనకు చెప్పలేదన్నమాట. ఆ రోజు నుంచి ఆయన మెప్పు నేను పడ్డ అప్పుగానే ఉండిపోయింది.

మెట్ల మనిషి నెల తర్వాత తన కాళ్ళ మీద తాను నడిచి ఇంటికి పోయాడు. చాలా ఏళ్ళు అలిపిరి దారిలో కనిపించేవాడు. పెట్టె నెత్తిన పెట్టుకుని, నన్ను చూస్తే ఆగి, "అక్కా, ఇంకా చెప్పులు కొనలే!" అని అరిచేవాడు. తర్వాత ఆ పెట్టెలు ఆయన కొడుకు మోశాడు, ఇప్పుడు ఎవరు మోస్తున్నారో.

ఆసుపత్రి పాత గది ఖాళీ చేసినప్పుడు ఆ పటాన్ని నాకు ఇచ్చేశారు. బీరువా వెనుక, అదే పాత చీరలో ఉండేది. ఇన్నేళ్ళూ దాన్ని గోడకు వేయలేదు. పోయిన శనివారం మనవరాలికి ఈ కథంతా చెప్పి, బయటికి తీసి చూపించాను. బంక పసుపు రంగుకు తిరిగింది, ఫోటోలు గోధుమ రంగుకు తిరిగాయి. ఆ పిల్ల వేలితో అంచు చుట్టూ తడుముకుంటూ వచ్చి, కింద కుడి మూల దగ్గర ఆగి, "ఈడ కలవలేదవ్వా," అంది. కలవలేదమ్మా అన్నాను.

ఇప్పటి యంత్రం గురించి ఇంకో మాట చెప్పింది. ఖాళీ గడిని చూపించి ఒక్క నొక్కు నొక్కితే, చుట్టుపక్కల చూసుకుని, అక్కడ ఏముండి ఉంటుందో అదే ఊహించి నింపేసేవి కూడా వచ్చాయట. పెన్సిలు అక్కరలేదు, అతుకు ఎవరి కంటికీ దొరకదు.

"నువ్వు నింపినావా?" అని అడిగాను.

"ఏందవ్వా నువ్వు! సోమారం పొయ్యి ఇంకో ఫోటో తీసుకుంటా. ఆ ఆవుకు ఏమొచ్చిందో తెలియాల గదా."

దీపం వెలిగించే వేళయింది. ఒకప్పుడు ముప్పై మంది కూర్చున్న గోష్ఠి ఇప్పుడు మా ఇంట్లో లేదు. పాటలు ఫోనులో వస్తాయి. ఫోను ఏ చరణమూ మరిచిపోదు, అందుకే ఎవరూ తాళం పట్టుకోవాల్సిన పని లేకుండా పోయింది. ఆ సాయంత్రం ఫోను పక్కన పెట్టమని, ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. నేనొక వరుస, అదొక వరుస. నేను అన్న చరణంలో చివరి మాట పట్టుకుని అది అందుకోవడం రెండోసారికే నేర్చుకుంది. మూడో పాటలో, చిన్నప్పటి నుంచి పాడిన పాటలో, నా చరణం నాకే గుర్తు రాలేదు. వయసు. నోరు తెరిచి ఆగిపోయాను. ఆ పిల్లకు ఆ పాట అసలే తెలియదు. అయినా కంగారుపడలేదు, ఫోను వైపు చూడలేదు, చేతులు కలిపి నెమ్మదిగా తాళం వేస్తూ నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది. నాకు మాట గుర్తొచ్చేదాకా ఆ తాళం ఆగలేదు.